ఎక్కువ రాయడమే ఆమె నేరమా? మార్గరెట్ ఆలిఫెంట్‌ను మరిచిపోవడం వెనుక కథ

1938లో వచ్చిన 'త్రీ గినీస్' అనే పుస్తకంలో ఇంగ్లిష్ రచయిత్రి వర్జీనియా వూల్ఫ్ మరో రచయిత్రి మీద తీర్పు చెప్పింది. ఆమె ఆత్మకథ చదవండి, కళ్లు చెమరుస్తాయి; ఆ తర్వాత పత్రికల కోసం ఆమె రాసి పడేసిన వ్యాసాలూ జీవితచరిత్రలూ చదవండి, మనసు మసకబారుతుంది అంది. బతుకుతెరువు కోసం, బిడ్డల చదువుల కోసం ఆమె ఎంతో చక్కని తన బుద్ధిని అమ్ముకుందనీ, మేధా స్వేచ్ఛను దాస్యంలో పెట్టిందనీ అంది. ఆ రచయిత్రి మార్గరెట్ ఆలిఫెంట్. దాదాపు వంద నవలలు రాసింది. ఒక్క 'బ్లాక్‌వుడ్స్' పత్రికకే రెండు వందలకు పైగా రచనలు ఇచ్చింది. విక్టోరియా రాణి ఆమె పాఠకురాలు. అయినా ఈరోజు జార్జ్ ఎలియట్, డికెన్స్, బ్రాంటీ అక్కచెల్లెళ్ల పేర్లు ఠకాలున చెప్పే పాఠకుల్లో చాలామందికి ఆలిఫెంట్ ఎవరో తెలియదు.

పిల్లల కోసం ఎడాపెడా రాసింది, అందుకే నాణ్యత పోయింది, అందుకే కాలం మరిచిపోయింది. సాధారణంగా వినిపించే వివరణ ఇదే. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ ఆమె జీవితాన్నీ, అప్పటి పుస్తక వ్యాపారాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఇందులో చాలా భాగం నిలబడదు.

ఆమె 1828 ఏప్రిల్ 4న స్కాట్లండ్‌లో, ఎడిన్‌బరోకు దగ్గరలోని వాలీఫోర్డ్ అనే ఊళ్లో పుట్టింది. తండ్రి గుమాస్తా. ఇంట్లో అతని ఉనికి అంతంతమాత్రం. ఇల్లు నడిపినదీ, కూతురికి కథల మీద ఇష్టం పెంచినదీ తల్లి. కుటుంబం గ్లాస్గో మీదుగా లివర్‌పూల్ చేరింది. 1849లో, ఆమెకు ఇరవై ఒకటో ఏట, స్కాట్లండ్ పల్లెలోని ఒక పెళ్లికాని పెద్దావిడ తన కథ తానే చెప్పుకుంటున్నట్టు రాసిన తొలి నవల లండన్‌లో అచ్చయింది. ప్రచురణకర్త కోల్బర్న్ 150 పౌన్లు ఇచ్చాడు. అప్పటికి ఆమెకు మొగుడు లేడు, పిల్లలు లేరు, అప్పు లేదు. అయినా ఆ తర్వాత వరసగా రాస్తూనే పోయింది. రాయడం తనకు మాట్లాడినంత, ఊపిరి తీసుకున్నంత సహజమని ఆత్మకథలో చెప్పుకుంది. బిడ్డల కోసం పనిచేయక తప్పలేదన్న మాట ఆ తర్వాతే చేర్చింది. ఈ వరస ముఖ్యం. అవసరం ఆమె చేతికి కలాన్ని ఇవ్వలేదు. అప్పటికే పరుగెత్తుతున్న కలానికి అవసరం వచ్చి తోడైంది.

1852 మే నెలలో మేనబంధువు ఫ్రాంక్ ఆలిఫెంట్‌ను పెళ్లాడింది. సరిగ్గా ఆ రోజే 'బ్లాక్‌వుడ్స్'లో రాబోతున్న 'కేటీ స్టూవర్ట్' అనే కథ అచ్చు ప్రూఫులు ఇంటికొచ్చాయి. ఫ్రాంక్ రంగుటద్దాల చిత్రకారుడు. లండన్ పార్లమెంటు భవనపు కిటికీల పనిలో ఆర్కిటెక్ట్ ప్యూజిన్ దగ్గర పనిచేసినవాడు. తర్వాత సొంతంగా కార్ఖానా పెట్టాడు. పనివాళ్ల జీతాలకే డబ్బు చాలేది కాదు. ఇల్లు ఎక్కువగా భార్య రాతల మీదే నడిచింది. ఈ మధ్యలోనే పసిబిడ్డలు ముగ్గురు పోయారు.

1859 జనవరిలో ఫ్రాంక్ ఆరోగ్యం కోసమని కుటుంబం ఇటలీ వెళ్లింది. అతనికి క్షయ. ఆశ లేదని లండన్ డాక్టరు ముందే చెప్పేశాడు. ఆ మాట ఫ్రాంక్ భార్యకు చెప్పలేదు. తెలియని దేశంలో, డబ్బు కరిగిపోతున్న వేళ, తాను మళ్లీ గర్భవతిగా ఉండగా ఆ నిజం ఆమెకు తెలిసింది. మొగుడు అన్నీ తెలిసి కూడా తనకు చెప్పకుండా ఇంత దూరం తీసుకొచ్చాడన్న బాధ ఎన్నో ఏళ్ల తర్వాత రాసిన పేజీల్లోనూ ఆరలేదు. అక్టోబరులో అతను రోమ్‌లో చనిపోయాడు. డిసెంబరులో కొడుకు సెకో పుట్టాడు. ముగ్గురు పిల్లలతో 1860లో ఇంటిముఖం పట్టేనాటికి ఆమెకున్నది దాదాపు వెయ్యి పౌన్ల అప్పు, కాస్త బీమా సొమ్ము, ఇంటి సామాను, తన బుర్ర. ఈ లెక్క ఆమె రాసుకున్నదే.

ఆ తర్వాతి ఘట్టం ఆత్మకథలో బాగా పేరుపొందింది. ఆమె కథలు వరసగా తిరిగొస్తున్నాయి. ఎడిన్‌బరోలో జార్జ్ స్ట్రీట్‌లోని బ్లాక్‌వుడ్ కార్యాలయానికి వెళ్లి ధారావాహిక రాస్తానని అడిగింది. సంస్థ నడిపే బ్లాక్‌వుడ్ అన్నదమ్ములిద్దరూ మర్యాదగానే, ఇబ్బంది పడుతూనే, వద్దన్నారు. ఆమె ఇంటికి వచ్చి పిల్లలతో ఆడుకుంది. వాళ్లు పడుకున్నాక కూర్చుని తెల్లవారేదాకా రాసింది. 'క్రానికల్స్ ఆఫ్ కార్లింగ్‌ఫర్డ్' అలా మొదలైంది. కార్లింగ్‌ఫర్డ్ ఇంగ్లండులో ఆమె కల్పించిన ఒక చిన్న పట్నం. ఆంగ్లికన్ చర్చివాళ్లు ఒక వీధిలో, దానితో పొసగని మతశాఖల ప్రార్థనాలయం మరో వీధిలో, మధ్యలో డాక్టరు ఇల్లు. పేర్లు లేకుండా పత్రికలో వస్తున్న ఈ కథల్లో 'సేలమ్ చాపెల్'ను చూసి రాసింది జార్జ్ ఎలియట్ అనుకున్నవాళ్లున్నారు. ఎలియటే కాదని చెప్పుకోవలసి వచ్చింది. తర్వాతి 'ది పర్పెచువల్ క్యూరేట్'కు బ్లాక్‌వుడ్ 1500 పౌన్లు ఇచ్చాడు. ఆమెకు ఒక్క నవల మీద దక్కిన పెద్ద మొత్తాల్లో అదొకటి. దాదాపు అదే కాలంలో జార్జ్ ఎలియట్‌కు 'రొమోలా' మీద వచ్చింది 7000 పౌన్లు.

1500కూ 7000కూ మధ్య ఉన్న దూరం ప్రతిభలో తేడా మాత్రమే అనుకుంటే పొరపాటు. అది అర్థం కావాలంటే అప్పటి నవల ఎలా అమ్ముడుపోయేదో తెలియాలి.

విక్టోరియన్ పాఠకులు కొత్త నవలను కొనేవాళ్లు కాదు. నవల మూడు సంపుటాల్లో వచ్చేది. ధర గినీన్నర, అంటే ముప్పై ఒక్క షిల్లింగుల ఆరు పెన్నీలు. మామూలు కుటుంబం దాని జోలికి వెళ్లదు. ఆ ధర నిజానికి అద్దె గ్రంథాలయాల కోసం పెట్టింది. వాటిలో మకుటంలేని మహారాజు మ్యూడీ. ఏడాదికి ఒక గినీ చందా కడితే అతని లైబ్రరీలో ఒకసారికి ఒక సంపుటం తెచ్చుకోవచ్చు. అంటే ఒకే నవలను ఒకే సమయంలో ముగ్గురు చందాదారులకు తిప్పవచ్చు. మ్యూడీకి మూడు సంపుటాలు లాభం. ప్రచురణకర్తకు మ్యూడీ కొనే కాపీలతో ఖర్చు గట్టెక్కుతుంది కాబట్టి అతనికీ లాభం. రచయిత మాత్రం కథకు రెండు సంపుటాలు చాలినా మూడోది నింపి తీరాలి. ఆలిఫెంట్ నవలల్లో నడిమి భాగం కొన్నిచోట్ల సాగదీసినట్టుంటే దానికి కారణం ఇదే. ఆ కాలపు నవలల్లో చాలావాటికి ఉన్న జబ్బే ఇది. 1894లో లైబ్రరీలే సంపుటానికి నాలుగు షిల్లింగుల కంటే ఇవ్వబోమని భీష్మించాక ఈ పద్ధతి కూలిపోయింది. అప్పటికి ఆమెకు అరవై ఆరేళ్లు.

ఇంకో మెలిక ఉంది. రచయితకు డబ్బు ఎక్కువగా ఒకేసారి, ఏకమొత్తంగా వచ్చేది. కాపీరైటు అమ్మేస్తే తర్వాత ఎన్ని ముద్రణలు పడినా పైసా రాదు. లైబ్రరీలో ఒక సీజన్ తిరిగిన నవల మరుసటి సీజన్‌కు పాతబడిపోతుంది. కాబట్టి ఏడాదికొకటి కొత్తది రావాలి. చేతిలో డబ్బున్న రచయిత ప్రచురణకర్త దగ్గర బెట్టు చేయగలడు, ఎదురుచూడగలడు, ఇంకొకరి దగ్గరికి వెళ్లగలడు. ఆలిఫెంట్ ఎప్పుడూ ముందే అడ్వాన్సు తీసుకుని ఉండేది. ఈ నవల డబ్బు పోయినేడాది ఖర్చుకు పోతే, రాబోయే నవల డబ్బు ఈ ఏడాది ఖర్చుకు పోయేది. పంట చేతికి రాకముందే షావుకారుకు రాసిచ్చేసిన రైతు ధర గురించి ఏం బేరమాడతాడు? ఆమె స్థితి అదే. ఆమెకు కొరవడింది రాసే శక్తి కాదు, ఒక పుస్తకాన్ని ఆర్నెల్లు సొరుగులో ఉంచుకోగల స్థోమత.

ఖర్చు సంగతి కూడా దాచకుండా చెప్పాలి. ఆమె పొదుపరి కాదు. 1864 జనవరిలో రోమ్‌లోనే పెద్దకూతురు మ్యాగీ పదేళ్ల వయసులో చనిపోయింది. తర్వాత ఇద్దరు కొడుకులను పెద్దింటి పిల్లలు చదివే ఈటన్ బడిలో చదివించడానికి, దాని పక్కనే ఉన్న విండ్సర్‌లో కాపురం పెట్టింది. మంచి ఇల్లు, అతిథులు, ప్రయాణాలు. 1868లో అన్న ఫ్రాంక్ ఆర్థికంగా చితికిపోతే అతని పిల్లల భారం నెత్తికెత్తుకుంది. తాగుడుతో ఉద్యోగం పోగొట్టుకున్న ఇంకో అన్న విలియమ్‌ను ఏళ్ల తరబడి పోషించింది. అన్న ఫ్రాంక్ కొడుకును, అతని పేరూ ఫ్రాంకే, భారతదేశపు ఉద్యోగాలకు ఇంజనీర్లను తయారుచేసే కూపర్స్ హిల్ కాలేజీలో చదివించింది. అతను ఇక్కడికి వచ్చి 1879లో జ్వరంతో చనిపోయాడు. కొడుకులిద్దరూ ఆక్స్‌ఫర్డ్‌దాకా వెళ్లారుగానీ నిలదొక్కుకోలేదు. సిరిల్ 1890లో, సెకో 1894లో పోయారు. ఆరుగురు బిడ్డలనూ మట్టిలో పెట్టి, ఆత్మకథ చివర, ఇక్కడ నేను ఒంటరిగా మిగిలాను, ఇక రాయలేను అని ఆపేసింది. కానీ రాసింది. బ్లాక్‌వుడ్ సంస్థ చరిత్రను రెండు పెద్ద సంపుటాలుగా రాసి, 1897 జూన్ 25న కన్నుమూసింది.

ఇప్పుడు వూల్ఫ్ తీర్పు దగ్గరికి రావచ్చు. ఆమె చెప్పినదాంట్లో సత్యం లేకపోలేదు. అయితే ఒక సంగతి ఆమె పరిగణనలోకి తీసుకోలేదు. ఆలిఫెంట్ జీవితమంతా కోరుకున్నది పత్రికా సంపాదకత్వం. డికెన్స్, థాకరే, ట్రోలప్ తలా ఒక పత్రికకు సంపాదకులయ్యారు. నెలనెలా జీతం వస్తే నవల మీద అంత భారం పడదు. బ్లాక్‌వుడ్ పత్రికకు దశాబ్దాల పాటు అన్ని రకాల పనులూ చేసిపెట్టిన ఈవిడకు అలాంటి పదవి ఎవరూ ఇవ్వలేదు. 1871 నుంచి 1882దాకా 'కార్న్‌హిల్' పత్రిక సంపాదకుడిగా ఉన్న లెస్లీ స్టీఫెన్ వూల్ఫ్ తండ్రే. అతని ఏలుబడిలోనే ఆలిఫెంట్ నవలలు అందులో ధారావాహికలుగా వచ్చాయి. స్టీఫెన్ మొదటి భార్య అక్క ఆనీ థాకరే ఆలిఫెంట్‌కు ఆప్తురాలు. వూల్ఫ్ పుట్టిన ఇంటికి ఆలిఫెంట్ దూరపు మనిషేమీ కాదు. స్త్రీకి సొంత ఆదాయం, సొంత గది కావాలని వాదించిన రచయిత్రి, ఆ రెండూ లేకుండా రాసిన స్త్రీ పట్ల ఇంకొంచెం ఓపిక చూపవలసింది. ఇంట్లో అందరూ పడుకున్న రాత్రివేళ తప్ప తనకు వరసగా రెండు గంటలు ఎవరూ కదిలించని సమయం దొరకలేదని ఆలిఫెంట్ రాసింది. తలుపు వేసుకునే రాతగది లేదు. ముందు గదిని ఆనుకుని ఉన్న చిన్న గదిలో, వచ్చేపోయేవాళ్ల మధ్య రాసింది.

ఆమె తనను తాను పోల్చుకున్నది కూడా ఇక్కడే. 1885లో జార్జ్ ఎలియట్ జీవితచరిత్ర వచ్చింది. అది చదివాకే ఆత్మకథను మళ్లీ చేతికెత్తుకుంది. ఎలియట్‌లాగా నన్నూ ఒక అద్దాల మేడలో మొక్కను కాపాడినట్టు కాపాడి ఉంటే ఇంతకంటే బాగా రాసేదాన్నా అని అడిగింది. జవాబు మాత్రం తేల్చలేదు. ఆ ప్రశ్నలో ఈర్ష్య కొంత ఉంది, నిజాయితీ అంతకంటే ఎక్కువ ఉంది.

వేగం వల్లే నాణ్యత పోయిందనే వాదనకు అసలు పరీక్ష పుస్తకాల్లో ఉంది. ఆమె మంచి నవలలూ, నాసి నవలలూ ఒకే వేగంతో, ఒకే గదిలో, ఒకే రకం అప్పుల్లో వచ్చాయి. 'సేలమ్ చాపెల్' ఒక్క పుస్తకంలోనే రెండూ చూడొచ్చు. కొత్తగా వచ్చిన యువ పాస్టరు విన్సెంట్‌నూ, అతనికి జీతమిచ్చే వెన్న వ్యాపారి టోజర్‌నూ చూపించే భాగం అద్భుతం. జీతమిచ్చేవాడి ముందు చదువుకున్నవాడి ఆత్మగౌరవం ఎలా ఒరిపిడి పడుతుందో అంత సూక్ష్మంగా చెప్పినవాళ్లు తక్కువ. అదే పుస్తకంలో అప్పటి ఫ్యాషన్‌కు లొంగి ఇరికించిన అపహరణలూ రహస్యాలూ నాకైతే భరించరానివిగా తోచాయి. ఆ భాగాన్ని పాడుచేసింది తొందర కాదు, మార్కెట్ ఏం అడుగుతోందన్న అంచనా.

'మిస్ మార్చ్‌బ్యాంక్స్' (1866) ఆమెది అత్యుత్తమమని నా అభిప్రాయం. తల్లి లేని లూసిల్లా చదువు ముగించుకుని పంతొమ్మిదో ఏట ఇంటికొస్తుంది. నాన్నకు ఊరట కలిగించడమే తన ధ్యేయమంటుంది. నాన్న డాక్టరుగారికి ఆ ఊరట అక్కర్లేదు. ఆమె వంటమనిషిని గెలుచుకుంటుంది, హాలు గోడలకు తన ఒంటి రంగుకు నప్పే ఆకుపచ్చ కాగితం వేయిస్తుంది, గురువారం సాయంత్రాల విందులతో ఊరినంతా తన గుప్పిట్లో పెట్టుకుంటుంది. ఒక రాజనీతిజ్ఞుడి బుర్ర ఉన్న అమ్మాయికి చేతికి దొరికిన ఏకైక రాజ్యం ఒక డ్రాయింగ్ రూమ్. నవ్వుతూనే చదువుతాం, ఎంత శక్తి ఎంత చిన్నచోట ఖర్చవుతోందో తెలిసేకొద్దీ నవ్వు మారుతుంది. లూసిల్లా మరీ గట్టి మనిషిగా ఉందని బ్లాక్‌వుడ్ నసిగితే, ఉన్నట్టుండి ఆమెను మెత్తబరచి కన్నీళ్లు పెట్టించనని ఆలిఫెంట్ తెగేసి చెప్పింది. బుద్ధిని అమ్ముకున్న మనిషి ఇచ్చే జవాబు కాదది.

'హెస్టర్' (1883) ఇంకా కటువైనది. రెడ్‌బరో పట్నంలో వెర్నన్ కుటుంబపు బ్యాంకు ఉంది. వారసుడు పారిపోతే డబ్బు వెనక్కి తీసుకోవడానికి ఎగబడ్డ డిపాజిట్‌దారులను ఆపి బ్యాంకును నిలబెట్టేది కేథరిన్ అనే పెళ్లికాని స్త్రీ. ముప్పై ఏళ్ల తర్వాత, కన్నకొడుకులా నమ్మిన ఎడ్వర్డ్ సట్టా వ్యాపారంలో బ్యాంకును ముంచి పారిపోతాడు. మొదట పారిపోయినవాడి కూతురే హెస్టర్. పెద్దావిడకూ ఈ అమ్మాయికీ క్షణం పడదు, ఎందుకంటే ఇద్దరిదీ ఒకటే ధాతువు. చివర కేథరిన్ పోయాక హెస్టర్ ముందు ఇద్దరు వరులుంటారు. ఆడపిల్లకు ఎంచుకునే అవకాశం ఉండటం కంటే ఇంకేం కావాలి అని నవల ముగుస్తుంది. బ్యాంకు నడపగల అమ్మాయికి లోకం ఇచ్చిన ఎంపిక అదీ. ఆ వాక్యంలోని చురక తెలియాలంటే పుస్తకమంతా చదవాలి.

ఇన్ని స్వతంత్ర స్త్రీలను సృష్టించిన మనిషి స్త్రీల హక్కుల ఉద్యమాన్ని వ్యతిరేకించిందన్నది ఇంకో చిక్కుముడి. వివాహిత స్త్రీల ఆస్తి హక్కు కోసం పిటిషన్ వెళితే 1856లో దాన్ని వెక్కిరిస్తూ రాసింది. అప్పటి చట్టం ప్రకారం ఆమె సంపాదించే ప్రతి పెన్నీ మొగుడిదే! 1866లో తత్వవేత్త, పార్లమెంటు సభ్యుడు జాన్ స్టువర్ట్ మిల్ స్త్రీల ఓటు ప్రస్తావన తెచ్చినప్పుడూ అక్కర్లేదంది. అయితే 1880 నాటికి గొంతు మారింది. 'గ్రీవెన్సెస్ ఆఫ్ విమెన్' అనే వ్యాసంలో, నాకు కావాలనుకుంటే ఓటు లేకపోవడం పరమ అసంబద్ధం అని రాసింది. స్త్రీలు చేసే పనిని పనిగానే లెక్కించకపోవడం మీద కోపం కనబడుతుంది అందులో. హక్కుల భాష ఆమెకు ఎన్నడూ రుచించలేదు. బతికిన బతుకు మాత్రం ఆమెను అటే నెట్టింది. 1896 జనవరి 'బ్లాక్‌వుడ్స్'లో థామస్ హార్డీ 'జూడ్' నవలను దుమ్మెత్తిపోస్తూ వ్యాసం రాసింది, తర్వాతి తరం ఆమెను ఛాందసురాలిగా గుర్తుపెట్టుకున్నది దానివల్లే. విచిత్రమేమిటంటే ఆ సంచికలోనే ఆమె గొప్ప కథ 'లైబ్రరీ విండో' ఉంది. మేనత్త ఇంటికొచ్చిన అమ్మాయి ఎదురుగా కాలేజీ లైబ్రరీ కిటికీలో ఒక మనిషి తలెత్తకుండా రాస్తుండటం చూస్తుంది. అక్కడ కిటికీయే లేదంటారు పెద్దవాళ్లు. ఆడపిల్ల ఎంత తదేకంగా చూసినా లోపలికి పోలేని గది అది. హార్డీ మీది వ్యాసం చాలామందికి గుర్తుండిపోయింది, ఈ కథ చాలాకాలం మరుగునపడింది.

మరపుకు ఇంకొన్ని మామూలు కారణాలున్నాయి. పత్రికల్లో ఆమె రాసింది చాలా మటుకు పేరు లేకుండా వచ్చింది, కాబట్టి విమర్శకురాలిగా ఆమెకు దక్కవలసిన పేరు దక్కలేదు. వంద నవలల్లో ఎక్కడ మొదలుపెట్టాలో ఎవరికీ తెలియదు. అన్నిటికంటే పెద్ద దెబ్బ ఆత్మకథ. ఆమె పోయాక 1899లో బంధువు ఒకావిడ దాన్ని కాలక్రమంలో సర్ది, దుఃఖం మరీ పచ్చిగా ఉన్న భాగాలు తీసేసి అచ్చువేయించింది. మిగిలింది ఓర్పుగల తల్లి, తన రాతను తానే తక్కువచేసి మాట్లాడే వినయశీలి. వూల్ఫ్ చదివింది ఆ ప్రతినే. తీసేసిన పేజీలన్నీ కలిపి ఎలిజబెత్ జే సంపాదకత్వంలో పూర్తి పాఠం 1990లో వచ్చింది. మ్యాగీ పోయాక దేవుణ్ని నిలదీస్తూ రాసిన పేజీలు అందులో ఉన్నాయి. వాటిని చదివాక ఆ వినయాన్ని ఉన్నదున్నట్టు నమ్మడం కష్టం.

1969లో విమర్శకురాలు క్యూ. డి. లీవిస్ 'మిస్ మార్చ్‌బ్యాంక్స్'కు ముందుమాట రాసి, జేన్ ఆస్టెన్ నాయిక ఎమ్మాకూ ఎలియట్ నాయిక డొరొథియాకూ మధ్య లంకె లూసిల్లాయేనంది. 1980లలో స్త్రీల రచనలను అచ్చువేసే విరాగో ప్రచురణలు 'హెస్టర్', కార్లింగ్‌ఫర్డ్ నవలలు మళ్లీ తెచ్చాయి. కాపీరైటు ఎప్పుడో తీరిపోయింది కాబట్టి చాలా పుస్తకాలు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. మొదటిసారి చదివేవాళ్లు 'లైబ్రరీ విండో'తో మొదలుపెట్టవచ్చు, ఒక సాయంత్రం చాలు. ఆ తర్వాత 'మిస్ మార్చ్‌బ్యాంక్స్', దాని వెంటనే 'హెస్టర్'. ఇంకా కావాలనిపిస్తే 'కిర్‌స్టీన్' (1890): ముసలివాడితో పెళ్లి తప్పించుకుని లండన్‌కు పారిపోయి, దర్జీ పనిలో పేరు తెచ్చుకుని, చివరికి పెళ్లి లేకుండానే పుట్టింటి భూములు తిరిగి కొన్న స్కాట్ అమ్మాయి కథ. ఆమె ప్రేమించినవాడు భారతదేశంలో యుద్ధంలో చనిపోతాడు, తండ్రి సంపద వెస్టిండీస్ బానిసల చెమటలోంచి వచ్చింది. ఈ రెండు సంగతులనూ ఆలిఫెంట్ కథ పక్కన పెట్టి పోలేదు. 'సేలమ్ చాపెల్' మాత్రం చివరకు ఉంచుకోండి, టోజర్ కోసం.